గండికోటకి పెద్దవాళ్ళతో, పిల్లలతో పోతున్నారా? ఒక రాత్రి అక్కడే ఉండేట్టు పెట్టుకోండి

డిసెంబర్‌లో హైదరాబాద్ నుంచి కార్లో గండికోట పోదామనుకుంటున్నాం, అమ్మానాన్నలూ ఇద్దరు చిన్న పిల్లలూ ఉంటారు, ఒక్క రోజులో పోయి రావచ్చా, కింద నది దాకా దిగొచ్చా, లోయ అంచు దగ్గర నిజంగా అంత ప్రమాదమా, అమ్మకి మోకాళ్ళ నొప్పులు ఎట్లా అని అడిగారు కదా. మాది కడప జిల్లాలో గండికోట పక్కనున్న జమ్మలమడుగు వైపే అండి, మా ఇంటికి ఎవరొచ్చినా మొదట తోలుకుపోయేది గండికోటకే, అందుకని కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మొదటి మాట, ఒక్క రోజులో పోయి రావద్దు. హైదరాబాద్ నుంచి ఇంచుమించు 370 కిలోమీటర్లు, తెల్లారుజామున బయల్దేరినా మీరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం అవుతుంది, ఆ టైములో ఎండ నెత్తి మీద ఉంటుంది, రాయి మొత్తం ఒకే రంగులో పాలిపోయినట్టు కనిపిస్తుంది, నాలుగు ఫోటోలు తీసుకుని ఇంతేనా అనుకుని వెనక్కి తిరుగుతారు. అట్లా వచ్చి నిరాశపడి పోయినవాళ్ళని నేను చాలామందిని చూశా, నాకు బాధనిపిస్తుంది. ఆ లోయని చూడాల్సిన వేళలు రెండే, పొద్దు పొడిచాక మొదటి గంట, పొద్దు వాలే ముందు గంట. మధ్యలో ఉన్న టైమంతా కోటకి ఇవ్వాలి. ఇది కుదరాలంటే రాత్రి అక్కడే పడుకోవాలి, వేరే దారి లేదు.

దారి చెప్తా. హైదరాబాద్ నుంచి కర్నూలు దాకా 44వ నంబరు హైవే, అక్కడి నుంచి బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల మీదుగా జమ్మలమడుగు, జమ్మలమడుగు నుంచి గండికోట 15 కిలోమీటర్లు. ఈ దారిలో ఒక లాభం ఏంటంటే బెలూం గుహలు కొలిమిగుండ్ల దగ్గరే ఉన్నాయి, పోయేటప్పుడే మధ్యాహ్నం ఎండపూట వాటిని చూసేయొచ్చు. గుహ మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో సుమారు కిలోమీటరున్నర మాత్రం మనల్ని పోనిస్తారు, లోపల లైట్లు, గాలి గొట్టాలు పెట్టారు, అయినా ఉక్క బాగా పోస్తుంది. మీ నాన్నగారికి ఆయాసం లాంటిది ఏమైనా ఉంటే మొదటి పెద్ద హాలు దాకా చూసి వెనక్కి వచ్చేయమనండి, గుహ అడుగున ఉన్న పాతాళగంగ దాకా దిగి మళ్ళీ ఎక్కడం పెద్దవాళ్ళకి కష్టం. సాయంత్రం నాలుగు కల్లా గండికోట చేరేట్టు చూసుకోండి, డిసెంబర్‌లో ఆరు కొట్టకముందే పొద్దు గూకుతుంది. రైల్లో వచ్చేవాళ్ళయితే కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు స్టేషన్లు ఉన్నాయి, ముద్దనూరు దగ్గర. బెంగళూరు వాళ్ళు అనంతపురం, తాడిపత్రి మీదుగా రావచ్చు. పెట్రోలు, డబ్బులు, మందులు, పిల్లల పాలు, బిస్కెట్లు అన్నీ జమ్మలమడుగులోనే చూసుకోండి, పైన ఊళ్ళో చిన్న చిన్న అంగళ్ళు తప్ప ఏమీ దొరకవు.

ఇప్పుడు అసలు లోయ సంగతి. ఇండియా గ్రాండ్ కాన్యన్ అని ఇన్‌స్టాలో పెట్టి పెట్టి జనానికి ఒక రకమైన ఊహ వచ్చేసింది. అమెరికాది కిలోమీటరున్నర పైన లోతు, వందల కిలోమీటర్ల పొడుగు, దాంతో పోల్చుకుని వస్తే మనది చిన్నగానే కనిపిస్తుంది. మనది ఇంచుమించు 300 అడుగుల లోతు. అయితే ఇక్కడ నిలువునా కోసినట్టున్న ఎర్ర రాతి గోడ, దాని అడుగున పెన్నేరు అంటే పెన్నా నది, ఆ గోడ నెత్తిన ఒక కోట, ఆ కోట లోపల ఇవాళ్టికీ జనం కాపురం ఉంటున్న ఊరు, ఈ నాలుగూ ఒక్క చోట ఉన్నాయి. పడమర, ఉత్తరం వైపుల నది ఉంది కాబట్టి అటు గోడ కట్టాల్సిన అవసరం పెద్దగా పడలేదు, తూర్పు వైపు నుంచి మాత్రమే దారి. అంటే లోయే కోటకి సగం గోడ. అందుకే నేను ఎవరికైనా చెప్పేది లోయని, కోటని విడదీసి చూడొద్దని.

ఆ రాయి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అంచు దగ్గర ప్రమాదం ఎందుకో దాంట్లోనే ఉంది. చాలామంది గ్రానైట్ అని రాస్తారు, కాదు, ఇది క్వార్ట్‌జైట్, అంటే ఎప్పుడో సముద్రపు ఒడ్డున పేరుకున్న ఇసుక గట్టిపడి గట్టిపడి రాయైంది. వయసు వంద కోట్ల ఏళ్ళ లెక్కలో ఉంటుంది, జియాలజీ వాళ్ళు దీన్ని కడప శిలల్లో గండికోట క్వార్ట్‌జైట్ అనే పిలుస్తారు, మా ఊరి పేరే రాయికి పెట్టారన్నమాట. ఇనుము తుప్పు వల్ల ఆ ఎర్ర రంగు. ఎదురు గోడని కాసేపు నిదానంగా చూడండి, అడ్డంగా పొరలు పొరలుగా, నిలువుగా పగుళ్ళతో, ఇటుకలు పేర్చినట్టు కనిపిస్తుంది. నది కిందికి కోసుకుంటూ పోయింది, ఈ నిలువు పగుళ్ళ వెంబడి బండలు ఒక్కొక్కటీ విడిపోయి రాలిపోయాయి, అందుకే గోడ వాలుగా కాకుండా నిలువుగా మిగిలింది.

మరి మీరు నిలబడే ఇటు పక్క కూడా అదే రాయి కదా. అంచున ఉన్న బండ చూడ్డానికి కొండలో భాగంలాగే ఉంటుంది గానీ దాని వెనక ఒక నిలువు పగులు ఉండొచ్చు, కింద ఆధారం తగ్గి ఉండొచ్చు, పైన నిలబడిన మనకి అది తెలియదు. లోయ మీదికి చొచ్చుకొచ్చిన బండలే ఫోటోకి బాగుంటాయి, అందరూ అక్కడికే పోతారు, అవే అన్నిటికన్నా నమ్మరానివి. చాలా చోట్ల రెయిలింగ్ ఏమీ ఉండదు. రాయి మీద వేల మంది నడిచి నడిచి నున్నగా అయిపోయింది, మంచు పడిన పొద్దున, వాన పడిన రోజు జారుతుంది. గాలి ఒక్కసారిగా కింది నుంచి పైకి కొడుతుంది, చీర కొంగు, దుపట్టా, టోపీ పట్టుకోబోయి మనిషి తూలిపోతాడు. ఇక్కడ ప్రాణాలు పోయిన సంగతులు పేపర్లో వచ్చాయి, అందులో సెల్ఫీలు తీసుకోబోయి పోయినవాళ్ళు ఉన్నారు. భయపెట్టాలని చెప్పడంలేదు, పిల్లలు ఉన్నారన్నారు కాబట్టి చెప్తున్నా.

కాబట్టి పిల్లలతో ఇట్లా చేయండి. ఒక్కొక్క పిల్లకి ఒక్కొక్క పెద్దమనిషి, చెయ్యి వదలకూడదు, ఆ మనిషి ఆ గంట ఫోన్ బయటికి తీయకూడదు. ఫోటోలు తీసే మనిషి వేరే ఉండాలి. అంచుకి మూడు నాలుగు మనుషుల పొడవంత దూరంలో కూర్చోండి, నిలబడకండి, కూర్చుంటే అదే లోయ అంతే బాగా కనిపిస్తుంది. ఫోటో తీసుకుంటూ వెనక్కి నడవడం అస్సలు వద్దు. చెప్పులు కాకుండా పట్టు ఉండే బూట్లు వేసుకోండి. చీకటి పడ్డాక ఎంత వెన్నెల ఉన్నా అంచు వైపు పోవద్దు, పొద్దు గూకాక తిరిగి రావడానికి ఒక టార్చి చేతిలో పెట్టుకోండి, ఫోన్ లైటు చాలదు, ఆ బండల మధ్య సందులు ఉంటాయి, కాలు పడితే మడమ బెణుకుతుంది. తినేవి చేతిలో పట్టుకుని తిరిగితే కోతులు మీదికి వస్తాయి, పిల్లలు బెదిరి ఎటు పరిగెత్తుతారో చెప్పలేం, సంచిలో పెట్టి జిప్పు వేయండి.

నదిలోకి దిగొచ్చా అని అడిగారు. బండల మధ్య నుంచి దిగే దారులు ఉన్నాయి, ఊరి పిల్లోళ్ళు చకచకా దిగుతారు, మీ ఇంటి పరిస్థితికి మాత్రం వద్దు. అది మెట్లదారి కాదు, చేతులు కాళ్ళు రెండూ వాడి దిగాల్సిన రాళ్ళు, దిగడం కన్నా ఎండలో తిరిగి ఎక్కడం కష్టం. ఇంకోటి, కింద నీళ్ళు చూడ్డానికి కదలకుండా పచ్చగా ఉంటాయి గానీ అవి ఏరు నీళ్ళలా లోతు తక్కువ అనుకోవద్దు. ఎగువన గండికోట జలాశయం ఉంది, దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు, దిగువన మైలవరం జలాశయం ఉంది, ఆ రెండిటి మధ్యలో ఈ లోయ. పైన వదిలినా, కింద ఆపినా లోయలో మట్టం మారిపోతుంది. ఈత అనే ఆలోచనే వద్దు. బోటింగ్ నడుస్తుంటే, లైఫ్ జాకెట్ పిల్లల సైజుది కూడా ఇస్తేనే ఎక్కండి, లేదంటే ఒడ్డునే కూర్చోండి.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. పెన్నమ్మ నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు పారి నెల్లూరు దిక్కున సముద్రంలో కలుస్తుంది, చిత్రావతి వచ్చి గండికోట దగ్గరే దీంట్లో కలుస్తుంది. ఇది ఏడాది పొడుగునా పారే నది కాదు, వానొస్తే పొర్లుతుంది, లేకపోతే ఇసుకే. ఇప్పుడు మీరు చూసే నీళ్ళలో శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, గోరకల్లు, అవుకు మీదుగా గాలేరు నగరి కాలవలో వచ్చిన కృష్ణ నీళ్ళు కూడా ఉంటాయి. కరువు సీమలో ఆ నీళ్ళు చూస్తే మాకు ఎంత సంతోషమో మాటల్లో చెప్పలేను. అదే జలాశయం కింద తాళ్ళప్రొద్దుటూరు, కొండాపురం వైపు ఊళ్ళు మునిగాయి, ఇళ్ళూ గుళ్ళూ వదిలి జనం లేచిపోయారు. డ్యాం చూడ్డానికి పోతే ఆ మాట కూడా పిల్లలకి చెప్పండి.

ఇక కోట. పొద్దున్నే లోయ చూసి, టిఫిన్ చేసి, ఎండ ముదరకముందే మొదలుపెట్టి పదకొండు లోపల ముగించండి. తూర్పు వాకిలి దగ్గర ఆగి తలుపులు చూడండి, ఏనుగులు కుమ్మకుండా ఇనుప మేకులు దిగ్గొట్టిన పెద్ద తలుపులు, దారి కూడా తిన్నగా ఉండదు, మలుపులు తిప్పి లోపలికి తీసుకుపోతారు, శత్రువు ఒక్క ఊపున చొరబడకుండా. లోపలికి పోగానే చార్మినార్ అంటారు మావాళ్ళు, పావురాల గోపురం, ముద్దుగా ఉంటుంది. ఆ పక్కన జైలు. తర్వాత మాధవరాయస్వామి గుడి, ఎత్తైన గాలిగోపురం, విజయనగరం నాటి పని. లోపల దేవుడు లేడని చాలామంది గోపురం ముందు ఫోటో దిగి వెళ్ళిపోతారు, దయచేసి లోపలి మండపం స్తంభాలన్నీ తిరిగి చూడండి, ఆ శిల్పాలకి కనీసం అరగంట ఇవ్వండి. అక్కడి నుంచి జుమ్మా మసీదు, రెండు మీనార్లు, చుట్టూ కమాన్ల వరస, పక్కనే కత్తుల కోనేరు. మసీదు దగ్గరే ధాన్యాగారం, లోపలికి పోతే పైకప్పు కమానుగా ఎంత ఎత్తుందో, గొంతెత్తి పిలిస్తే ఎట్లా మోగుతుందో చూసి పిల్లలు వదలరు. ముట్టడి వేసినప్పుడు నెలల తరబడి లోపలివాళ్ళు తినాలి కదా, దానికోసం. రంగనాథస్వామి గుడి బాగా పాడైపోయింది, అయినా చూడండి, లోయకి పోయే దారి ఆ చుట్టుపక్కలనే. రాయలచెరువు దాకా పోవడానికి ఓపిక ఉంటే పోండి, లేకపోతే ఏం పరవాలేదు.

చరిత్ర పెద్దగా పెట్టి విసిగించను గానీ రెండు పేర్లు తెలుసుకుని పోతే ఆ రాళ్ళు మాట్లాడతాయి. ఒకటి పెమ్మసాని వాళ్ళు. విజయనగర రాజుల కింద ఈ కోటని తరతరాలుగా ఏలిన నాయకులు వీళ్ళే, పెమ్మసాని రామలింగనాయుడు కృష్ణదేవరాయల దగ్గర పేరు మోసిన వీరుడు. 1565లో రక్కసి తంగడి (తళ్ళికోట) యుద్ధంలో విజయనగరం కూలినా గండికోట వెంటనే కూలలేదు, ఇంకో ఎనభై ఏళ్ళకి పైగా నిలిచింది. ఎందుకు నిలిచిందో మీరు లోయ అంచున నిలబడితే ఎవరూ చెప్పక్కర్లేదు. రెండో పేరు మీర్ జుమ్లా, గోల్కొండ సుల్తాను సేనాని, 1650 ప్రాంతంలో కోట ఇతని చేతికి పోయింది. 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి ఇతన్ని కలవడానికి ఇక్కడికే వచ్చాడు, కొండ మీదికి ఉన్న ఇరుకు దారి గురించి, ఫిరంగులు పోత పోయించే పని గురించి రాసుకున్నాడు. మచిలీపట్నం నుంచి వజ్రాల మాట పట్టుకుని ఈ గుట్టల్లోకి ఒక ఫ్రాన్సు దేశపాయన వచ్చాడంటే ఆ రోజుల్లో ఈ చోటు ఎంత లెక్కలో ఉండేదో ఆలోచించండి.

బసకి పర్యాటక శాఖ వాళ్ళ హరిత హోటల్ కోటకి దగ్గర్లో ఉంది, పెద్దవాళ్ళున్నారు కాబట్టి మీరు అదే ముందుగా బుక్ చేసుకోండి, డిసెంబర్ శని ఆదివారాలు ముందే నిండిపోతాయి, వీలైతే మంగళ, బుధ వారాలు పెట్టుకోండి, జనం తక్కువ. టెంట్ల వాళ్ళు కూడా చాలామంది ఉన్నారు, కుర్రాళ్ళకి బాగుంటుంది, తీసుకునేటట్టయితే మూడు అడగండి, టెంటు అంచుకి ఎంత దూరం, బాత్రూమ్ ఎంత దూరం, రాత్రి కాపలా మనిషి ఉంటాడా. చలి కూడా ఉంటుంది, కడప అంటే ఎండే కదా అని దుప్పట్లు లేకుండా వస్తారు, కొండ మీద గాలికి తెల్లారుజామున పిల్లలు వణికిపోతారు, స్వెట్టర్లు, మంకీ క్యాపులు తెచ్చుకోండి. 2024 చివర్లో కేంద్రం గండికోట అభివృద్ధికి నిధులు ఇచ్చింది, పనులు జరుగుతున్నప్పుడు ఏదైనా దారి మూసి ఉండొచ్చు, రూమ్ బుక్ చేసేటప్పుడే ఫోన్లో కనుక్కోండి. డ్రోన్ తెచ్చే ఆలోచన ఉంటే ముందు అనుమతి చూసుకోండి, పురావస్తు శాఖ కట్టడాలు ఉన్నచోట ఊరికే ఎగరేయనివ్వరు.

తిండికి పొద్దున ఉగ్గాని బజ్జి, లేదా ఎర్రకారం దోసె, మధ్యాహ్నం జమ్మలమడుగులో సంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరుబిండి అడిగి తినండి. కారం మీ పిల్లలకి ఎక్కువవుతుంది, పెరుగు పక్కన పెట్టుకోండి. పైన ఊళ్ళో కూడా ముందుగా చెప్తే ఇంట్లో వండిపెట్టేవాళ్ళు ఉంటారు, నాలుగు రూపాయలు ఆ ఊరివాళ్ళకి చేరతాయి, వీలైతే అట్లా చేయండి.

ఒక్క విన్నపం. చిప్స్ కవర్లు, నీళ్ళ బాటిళ్ళు, అన్నిటికన్నా ఘోరంగా బీరు సీసాలు ఆ బండల సందుల్లో పడేసి పోతున్నారు, గుడి స్తంభాల మీద పేర్లు చెక్కుతున్నారు. ఐదొందల ఏళ్ళ కింద ఒక శిల్పి నెలల తరబడి కూర్చుని చెక్కిన బొమ్మ ముఖం మీద ప్రేమికుల పేర్లు చూస్తే కడుపు రగిలిపోతుంది నాకు. ఒక ఖాళీ సంచి వెంట తెచ్చుకుని మీ చెత్త జమ్మలమడుగు దాకా తీసుకుపోండి. పిల్లలు చూసి నేర్చుకుంటారు.

కాలం సంగతి, డిసెంబర్ మంచి ఎంపికే. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది, వానలు అయిపోయి ఉంటాయి, నీళ్ళు నిలిచి ఉంటాయి. చలికాలం పొద్దు దక్షిణం వైపు వాలి నడుస్తుంది కాబట్టి ఉత్తరాన ఉన్న ఎదురు గోడ మీద వెలుగు బాగా పడుతుంది, ఆ ఎర్ర రంగు పొద్దు పొడిచిన కాసేపటికి ఎట్లా మారుతుందో చూడాలి. డిసెంబర్‌లో ఆరున్నర దాటాకే సూర్యుడు వస్తాడు, అంటే పిల్లల్ని మరీ చీకట్లో లేపక్కర్లేదు, ఆరుకి రూమ్ నుంచి కదిలితే చాలు. మార్చి దాటాక మాత్రం రావద్దు, ఆ బండలు పెనంలా కాలుతాయి, పెద్దవాళ్ళకి వడదెబ్బ ఖాయం.

రెండో రోజు మధ్యాహ్నం తర్వాత ఇంకా ఓపిక ఉంటే తాడిపత్రి పోండి, బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి, చింతల వెంకటరమణస్వామి గుడి, రెండూ ఈ పెమ్మసాని వాళ్ళే కట్టించినవి, బుగ్గ గుడి పెన్న ఒడ్డునే ఉంటుంది. అక్కడ రాతిపని ఎంత సన్నగా ఉంటుందంటే మాధవరాయ గుడి చూసి వచ్చిన మీకు తేడా వెంటనే తెలుస్తుంది. అయితే అటు పోతే హైదరాబాద్ చేరేసరికి బాగా రాత్రి అవుతుంది, పిల్లల్ని బట్టి చూసుకోండి.

అమ్మగారి మోకాళ్ళ గురించి. ఊళ్ళో కారు పెట్టిన చోటు నుంచి మసీదు, ధాన్యాగారం దాకా చాలావరకు చదునే, మెల్లగా నడవగలరు. ఆ తర్వాత లోయ వైపు చివర్లో ఉన్న బండలే ఇబ్బంది, ఎత్తు పల్లాలుగా ఉంటాయి, ఒక కాలు ఎత్తి ఒక కాలు దించి పోవాలి. ఆ చివరి బండల దాకా పోవక్కర్లేదు, బండలు మొదలయ్యే చోట ఒక మడత కుర్చీ వేసి కూర్చోబెట్టండి, అక్కడికే ఎదురు గోడ పైభాగం కొంత కనిపిస్తుంది. ఆమెతో ఒకరు ఉండండి, మిగతావాళ్ళు చూసొచ్చాక మారండి. చేతికర్ర ఒకటి తెచ్చుకుంటే ఇంకా మంచిది. ఇంకేమైనా అనుమానం ఉంటే ఇక్కడే అడగండి, మీరు వచ్చే తేదీలు, ఎన్ని రోజుల సెలవో చెప్తే దారి, టైములు సరిచూసి చెప్తా.